బెళుగుప్ప నుంచి మెడికల్ బోర్డుకు

బండి పదకొండుకైతే నేను తొమ్మిదికే స్టేషన్లో ఉండే మనిషిని. మా ఇంట్లో దీని మీద నవ్వుకోని రోజు లేదు. ఆ సోమవారం కూడా, నా పుణ్యమా అని, డ్రైవరు ఇంకా టీ తాగుతుండగానే మేమిద్దరం బెళుగుప్పలో బస్సు పక్కన నిలబడి ఉన్నాం.

నాతో వస్తున్నది మిలిటరీ ఓబులేసు. బడిలో నా పక్కన కూర్చున్నవాడు. నేను మా నాయన కిరాణా అంగడిలో కూర్చుంటే వాడు సైన్యంలో చేరాడు. మంచుకొండల మీద ఏళ్ల తరబడి కాపలా కాసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని, మామూలు పింఛనుకు సరిపడా సర్వీసు నిండకముందే తనే విడుదల అడిగి ఇంటికొచ్చాడు. ఇప్పుడు వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం. చేను కౌలుకిచ్చేశాడు. భార్య లక్ష్మమ్మ ఊళ్లోవాళ్ల చేలల్లో శెనక్కాయ పీకే కూలికి పోతోంది.

జబ్బు నౌకరీ వల్లే వచ్చిందని తేలితే వైకల్య పింఛను వస్తుంది. ఒకసారి అడిగితే కుదరదన్నారు. ఎందుకంటే సైన్యం నుంచి బయటికొచ్చే రోజు డాక్టరు ఎలా ఉన్నావని అడిగితే, వీడు ఛాతీ విరుచుకుని "ఠీక్ హై సాబ్" అన్నాడు. బాగున్నాడనే కాగితాల్లోకి ఎక్కింది. అప్పీలు చేయించి, బెంగళూరు సైనిక ఆసుపత్రిలో మళ్లీ మెడికల్ బోర్డు ముందుకు పిలిపించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఈసారి కూడా కాదంటే ఇక మాకు తెలిసిన దారి లేదు.

అలాంటి పనికి వీడెలా తయారై వచ్చాడో చూడండి. నున్నగా గీసిన గడ్డం, రంగేసిన మీసం, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు.

"ఏమప్పా ఈ వేషం? పెండ్లికొడుకు మాదిరి ఉండావే," అన్నాను.

"ఆఫీసర్ల ముందరికి పోతాండాం గదా శెట్టీ. మాసిన గుడ్డల్తో పోతామా?"

ఈ వేషం చూసి ఏ డాక్టరు రోగి అనుకుంటాడని అక్కడే నాకు భయం పట్టుకుంది.

కళ్యాణదుర్గంలో బస్సు మారి అనంతపురం చేరాం. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆ దారిన వెళ్లేవాళ్లు తప్పకుండా తినండి, కారం మాత్రం చూసుకోండి. పదకొండు బండికి సీట్లు దొరికాయి. ధర్మవరం దాటాక కిటికీలోంచి చూస్తే, దున్ని వాన కోసం వదిలేసిన ఎర్రచేలు తప్ప ఏమీ లేవు. నేను డాక్టరు వేషం కట్టి వాడికి పాఠం మొదలుపెట్టాను. ఎలా ఉన్నావని ఎన్నిసార్లు అడిగినా అదే "ఠీక్ హై". తిట్టాను. వాడు నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ ఆగలేదు.

పెనుకొండలో చింతపండు మూటతో ఎక్కిన ఒకావిడ జాలిపడింది. "ఏమన్నా, ఆయాసమా? నీళ్లు తాగుతావా?"

"ఏం లేదక్కా. చేలల్లో దుమ్ము," అన్నాడు ఓబులేసు.

నా ప్రాణం ఉసూరుమంది. రేపు బోర్డులో ఇదే మాట అంటే, జబ్బు సేద్యం వల్ల వచ్చిందని రాసి పంపేస్తారు. ఆ మాటే వాడికి చెప్పాను. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

బెంగళూరులో స్టేషను ఎదురుగా ఒక లాడ్జిలో కింది అంతస్తు గది తీసుకున్నాం. వేడినీళ్లు పొద్దున మాత్రమే ఇస్తారు. మర్నాడు ఎనిమిదికల్లా ఆటోలో ఆసుపత్రికి చేరాం. తోడు వచ్చినవాళ్లను వరండాలో బెంచీదాకా రానిచ్చారు. తలుపు తెరిచే ఉంది. డాక్టరు తల నెరిసిన ఆఫీసరు. వీడు బూట్లు టక్కుమనేలా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆయన ఎలా ఉన్నావని హిందీలో అడిగాడు.

"ఠీక్ హై సాబ్."

నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది అనుకున్నాను.

డాక్టరు ఏమీ రాయలేదు. లేచి, నాతో నడువు అంటూ వీణ్ని వరండాలోకి తీసుకొచ్చాడు. ఏ కొండ మీద ఉన్నావు, అక్కడ ఎన్ని చలికాలాలు, తిండి ఎలా వచ్చేదని కబుర్లు పెట్టాడు. ఆఫీసరు పక్కన నడిచేటప్పుడు అడుగు కలపాలి కాబట్టి ఓబులేసు అడుగు కలిపాడు. మొదటిసారి బెంచీ దాటినప్పుడు జవాబులు గట్టిగా వినిపించాయి. రెండోసారికి ముక్కలయ్యాయి. ఆ తర్వాత పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ముఖం బూడిదరంగుకు తిరిగింది. కాళ్లు మాత్రం ఒక్క అడుగు తప్పలేదు. ఆపండయ్యా అని అరవబోయి లేచాను. వార్డు సహాయకుడు నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

డాక్టరు ఆగాడు. మెల్లగా, "విశ్రామ్," అన్నాడు.

ఆ ఆజ్ఞ విన్నాకే ఓబులేసు గోడ పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత గొట్టంలో ఊదించారు, ఎక్స్‌రే తీశారు. ఏమవుతుందని డాక్టర్ని అడిగాను. చూసింది చూసినట్టు రాశానని, నిర్ణయం ఇంటికి ఉత్తరంలో వస్తుందని మాత్రం చెప్పాడు.

తిరుగు బండి మధ్యాహ్నం రెండింటికి. ఆటో ఆలస్యమై స్టేషన్లో నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ వాణ్ని ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కించాను. సగంలో వాడు నా చొక్కా పట్టుకున్నాడు.

"శెట్టీ, రోంత నిలబడు. నాకు చేతకాలేదు."

యాభై ఏళ్లలో వాడి నోట నేను ఆ మాట వినలేదు. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. జనం మమ్మల్ని తిట్టుకుంటూ దాటిపోతున్నారు.

"ఆ కొండ మీద ఉన్నప్పుడే చెప్పింటే పోయేది గదప్పా," అన్నాను.

వాడు ఊపిరి అందేదాకా ఆగాడు. "నేను పండుకుంటే నా డ్యూటీ ఇంకోడు ఎక్కల్ల. వాడూ దగ్గుతానే ఉండె."

కింద మా బండి కూత వేసింది. వాడు లేవబోయాడు. కూర్చోమన్నాను. ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా ఇద్దరం అక్కణ్నించే చూశాం. నేను వదిలేసిన మొదటి బండి అదే.

సాయంత్రం బండిలో ఇరుకైనా చోటు దొరికింది. హిందూపురం దాటేదాకా వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి మిలిటరీ మనిషి ఉంటే, బోర్డుకు తోడు వెళ్లండి. ఒంటరిగా పంపకండి.

ఉత్తరం ఇంకా రాలేదు. పోస్టుమాను వచ్చే వేళకు గంట ముందే నేను అంగడి బయట నిలబడుతున్నాను.