పెడల్ మీద ఇటుక

పంతొమ్మిదివందల అరవై ఆ ప్రాంతంలో బోధన్‌లోని కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్లవి కొన్ని, డాక్టరుగారిదొకటి, కాలవ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ గుంటూరు ఆసాములవి మరికొన్ని. అన్నీ ఏడాదికోసారైనా ఇనాయత్ మేస్త్రీ వాకిట్లోకి వచ్చి, చక్రాలు విప్పించుకుని, చెక్కదిమ్మల మీద కూర్చుని పోవలసిందే. ఇనాయత్‌కి షాపు లేదు. తాతల నాడు బగ్గీ నిలిపిన వాకిలి ఉంది, దానికి పెద్ద దర్వాజా ఉంది, లోపల షమ్సున్నీసా ఉంది. బ్రేకుల పనికి అంతకన్నా ఏం కావాలి?

సామాను కూడా గొప్పదేం కాదు. ఒక జాకీ, నాలుగైదు పానాలు, గరుకు కాగితం, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, ఖాళీ మందు సీసా, దానికో సన్నటి రబ్బరు గొట్టం. షమ్సున్నీసా ఆయన భార్య. ఒకరోజు సాయానికి రావలసిన మనిషి జ్వరంతో పడుకుంటే ఇనాయత్ మొహమాటపడుతూ, "జర వచ్చి గీ పెడల్ తొక్కుతవా?" అన్నాడు. వాళ్ళిద్దరి మాట ఉర్దూ అనుకోండి, మనం తెలుగులోనే చెప్పుకుందాం. అప్పటికి ఆమెకు కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. ఆ పూట నుంచి స్టీరింగు ముందు సీటు ఆమెదైంది. కారు ఆసామి బయట అరుగు మీద కూర్చునేవాడు, దర్వాజా మూసేవాళ్ళు, ఆమె కొంగు బిగించి ఎక్కి కూర్చునేది.

ఆ పని ఒక్కరివల్ల అయ్యేది కాదు. బ్రేకు గొట్టాల్లో నూనె ఉండాలి గాని గాలి ఉండకూడదు. గాలి దూరిందంటే పెడల్ మెత్తబడుతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. దాన్ని వెళ్ళగొట్టడానికి ఇనాయత్ చక్రం దగ్గర వెల్లకిలా పడుకుని "దబావ్" అంటాడు. అంటే తొక్కమని. ఆమె రెండు మూడు మార్లు మెల్లగా తొక్కి, ఆఖరుసారి తొక్కిపట్టి "జీ" అంటుంది, అంటే సరేనని. ఆ జీ వినపడ్డాకే ఆయన చక్రం దగ్గరి నట్టు కొంచెం వదులు చేస్తాడు. గొట్టం గుండా నూనె సీసాలోకి దిగుతుంది, దాంతోపాటు గాలి బుడగలు. నట్టు బిగించి ఆయన "ఛోడో", అంటే వదలమని, అన్నాకే ఆమె కాలు తీయాలి. ఒక్క క్షణం ముందు తీసిందా, పోయిన గాలి తిరిగి లోపలికే. ఆయనకు ఆమె కాలు కనపడదు, ఆమెకు ఆయన చెయ్యి కనపడదు. పనంతా మాట మీద నడవాలి.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె కాలికి తెలివి వచ్చింది. సీసాలో బుడగలు ఆగిపోయి ఆయన లేవబోతుంటే, "ఇంక ఉన్నది" అనేది. మళ్ళీ నట్టు తిప్పి చూస్తే నిజంగానే ఒక చిన్న బుడగ దొంగలా బయటికొచ్చేది. ఆ బుడగను చూసి ఇనాయత్ తల ఊపేవాడు. ఆ మనిషి మెచ్చుకోలు అంతకు మించి ఎన్నడూ పోలేదు, ఆమె కూడా అడగలేదు.

అలాంటి ఇంటికి ఒక కార్తీకంలో చెంచురామయ్య అనే గుంటూరు ఆసామి తన ల్యాండ్‌మాస్టర్ కారును తోలుకొచ్చాడు. మంచి రైతు, చెరుకు పండించడంలో చెయ్యి తిరిగినవాడు, కాని ఏ పనీ పక్కవాడికి వదలని మనిషి. బ్రేకు కీచుమంటోందని తనే చక్రం విప్పి, ఎడ్లబండి ఇరుసుకు పెట్టినట్టు ఆముదం కందెన పూశాడు. బండి ఆగడం మానేసింది. భయపడి అంతా కిరసనాయిలుతో కడిగాడు. కిరసనాయిలు తగిలి లోపలి రబ్బర్లు ఉబ్బిపోయాయి. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయి కూర్చుంది.

"చక్రం అరిస్తే కందెన వెయ్యమా మేస్త్రీ? ఇదీ చక్రమేగా," అన్నాడాయన నొచ్చుకుంటూ.

"ఎడ్లబండికి చక్రం తిర్గాలె, రామయ్య సాబ్. బ్రేకు తొక్కితె తిర్గొద్దు," అన్నాడు ఇనాయత్. "గీ రబ్బర్లను బ్రేకు నూనెతోటే కడ్గాలె. కిరసనాయిలు సూపెడితేనే పాడైతయి."

ఆ పగలంతా కొత్త రబ్బర్లు, తొక్కినప్పుడు చక్రాన్ని ఒరుసుకుని ఆపే కొత్త లైనింగులు వేయడంతో సరిపోయింది. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. షమ్సున్నీసా పరదా పక్కనుంచి చాయ్ కప్పులు అందించింది. చెంచురామయ్య ఒక గుక్క తాగి, "ఆదివారం పిల్లా జెల్లా అందర్నీ ఎక్కించుకుని సిరికొండ గుట్టల్లోకి వనభోజనాలకు పోవాలి. దిగుడు దారి. బ్రేకు బాగా పడాలి సుమా. అవునూ, లోపల నీకెవరన్నా సాయం ఉన్నారా? పెడల్ ఎవరు తొక్కుతారు?" అని అడిగాడు.

ఇనాయత్ ఒక్క క్షణం తడబడ్డాడు. "సాయమేంది సాబ్. తొక్కుడే కదా. పెడల్ మీద ఇటుక పెట్టినా అయితది," అన్నాడు.

పరదా వెనక షమ్సున్నీసా చెయ్యి ఆగిపోయింది. పరాయి మగవాళ్ళ ముందు ఇంటి ఆడమనిషి ఊసు ఎత్తకపోవడం ఆ ఇళ్ళల్లో మర్యాద. అది ఆమెకూ తెలుసు. ఎవరూ లేరని అని ఉంటే ఊరుకునేది. బావమరిది వస్తాడని అబద్ధమాడినా నవ్వుకునేది. ఇటుక అన్నాడు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తర్వాత ఒళ్ళు మండింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఇనాయత్‌కి నోరు జారిన సంగతే తెలియలేదు, ఇంక తీసుకోవడమెక్కడ? రొట్టెలు రెండు ఎక్కువే తిని నిద్రపోయాడు.

తెల్లారి పని మొదలుపెడదామని కారు తలుపు తెరిస్తే, పెడల్ మీద ఒక ఇటుక ఉంది. శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి మరీ పెట్టి ఉంది.

"ఇదేంది?" అన్నాడు.

"మీ సాయం," అంది ఆమె వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. ఇనాయత్ బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. కసితో ఇటుకతోనే ఒకసారి ప్రయత్నించాడు కూడా. ఇటుక పక్కకి ఒరిగి పడుకుంది.

చివరికి పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్న చెంచురామయ్యనే పిలిచి సీటులో కూర్చోబెట్టాడు. షమ్సున్నీసా వంటింటి పరదా వెనక నిలబడి, సందులోంచి చూస్తూ చెవులు రిక్కించింది. ఆయన పొలంలో రొచ్చు తొక్కినట్టు దబదబా తొక్కుతున్నాడు. తొక్కుతూ వనభోజనాలకు ఎవరెవరు వస్తారో చెబుతున్నాడు. ఏదో గుర్తొచ్చి ఇనాయత్ వైపు వంగినప్పుడల్లా కాలు పైకి లేస్తోంది. పెడల్ కిర్రుమన్న చప్పుడుకే ఆమెకు తెలిసిపోతోంది గాలి తిరిగి లోపలికి పోయిందని. సీసాలోకి దిగిన నూనె నురగ పట్టి ఉంటుంది, మళ్ళీ పోయడానికి పనికిరాదు. డబ్బాలో ఉన్నదే పోయాలి, అది అడుగంటుతోంది. ఇంకో డబ్బా కావాలంటే నిజామాబాద్ పోవాలి.

"గట్టిగానే ఉంది మేస్త్రీ. చాల్లే, చక్రాలు బిగించెయ్. రేపే ప్రయాణం," అన్నాడు చెంచురామయ్య.

గట్టిగా లేదని షమ్సున్నీసాకు తెలుసు. ఆ కారునిండా పిల్లలు ఎక్కి గుట్ట దిగుతారు. వెళ్ళి చెప్పాలని కాలు లాగుతోంది, ఇటుక మాట గుర్తొచ్చి ఆగిపోతోంది. ఇనాయత్ ఏమంటాడో అని చూసింది. ఆయన లేచాడు. వంగి పెడల్‌ను చేత్తో నొక్కి చూశాడు. నడుచుకుంటూ వచ్చి వంటింటి పరదా ముందు నిలబడ్డాడు. మాట మాత్రం చెంచురామయ్యకు వినపడేటట్టే అన్నాడు.

"రామయ్య సాబ్, నిన్న మీకు అబద్ధం చెప్పిన. ఇటుకతోటి అయ్యే పని కాదిది. ఈ ఊళ్ళె బండ్లు ఆగుతున్నయంటే నా చేతి మహిమ కాదు, మా ఇంటామె కాలు. గాలి ఉన్నదో లేదో నాకంటె ఆమెకే ఎక్కువ ఎరుక. చెప్పుకోనికె నాకు షరమైంది. గంతే."

చెంచురామయ్య మెల్లగా కారు దిగి, పరదా వైపు తిరగకుండానే చేతులు జోడించాడు. "అడక్కూడనిది నేనే అడిగానమ్మా. నా మనవలు ఎక్కే కారు. నువ్వు బాగుందంటేనే తీసుకుపోతాను," అని బయటికి పోయి దర్వాజా దగ్గరికి వేశాడు.

ఆమె వచ్చి కూర్చుంది. మొగుడి మొహం చూడలేదు.

"దబావ్," అన్నాడు ఇనాయత్ కిందనుంచి.

ఆమె తొక్కింది, పట్టింది. కొంచెం ఆగి, "జీ," అంది. కారు కింద ఆయన పెద్దగా ఊపిరి వదలడం ఆమెకు వినపడింది.

అన్నిటికన్నా దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి ఒక్కోదాన్నే ముగించుకొచ్చారు. బుడగలు ఆగిపోయాయి. డబ్బాలో చెంచాడు నూనె కంటే లేదు. "ఇంక ఉన్నది, మొదటి చక్రంలనే," అంది. ఇనాయత్ ఎదురు చెప్పలేదు. మిగిలింది పోసి మళ్ళీ తిప్పాడు. ఒక బుడగ వచ్చింది. ఆ తర్వాత ఆమె కాలి కింద పెడల్ రాయిలా నిలబడింది.

చక్రాలు బిగించాడు. లైనింగు రాసుకునేదాకా బిగించి కొద్దిగా వదిలాడు. "ఇగ దిగు. సాబ్‌ను తీస్కొని ఒక చక్కర్ కొట్టొస్త," అన్నాడు.

ఆమె దిగలేదు.

"కోపం ఇంక పోలేదా?"

"కోపం కాదు," అంది స్టీరింగు వైపే చూస్తూ. "ఇన్నేండ్లసంది తొక్కుతున్న. ఎప్పుడు తొక్కినా చక్రాలు లేని బండే. నేను తొక్కితె బండి ఆగుతదంటిరి. ఒక్కపారన్న ఆగంగ సూడలె."

ఆ ఆలోచన తనకెందుకు రాలేదని ఇనాయత్‌కి నిజంగా సిగ్గేసింది. బయటికి పోయి చెంచురామయ్యతో ఏం చెప్పుకున్నాడో గాని, ఆయన అరుగు మీద మఠం వేసుకుని, "వెళ్ళి రండి, ఇంటికి నేను కాపలా ఉంటాగా," అనడం మాత్రం ఆమెకు వినపడింది.

బుర్ఖా వేసుకుని వెనక సీటులో కూర్చుంది. కారు చెరుకు బండ్లను దాటుకుంటూ నిజాంసాగర్ కాలవ గట్టెక్కింది. గట్టు నుంచి పొలాల్లోకి దిగే వాలు బాట దగ్గర ఇనాయత్ కారు ఆపి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, తలుపు తెరిచి ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టాడు. ఇంజను ఆపేసి, తను పక్కన కూర్చుని స్టీరింగు పట్టుకుని, చేతి బ్రేకు వదిలాడు.

కారు తనంతట తానే వాలులోకి జారడం మొదలుపెట్టింది. మెల్లగా, తర్వాత కొంచెం జోరుగా. చెరుకు తోటలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఈసారి ఇనాయత్ ఏమీ అనలేదు, ఆమెకు ఎప్పుడు తోస్తే అప్పుడే అని ఊరుకున్నాడు. షమ్సున్నీసా తొక్కింది. అంత పెద్ద ఇనుప బండి, లోపల ఇద్దరు మనుషులతో సహా, ఆమె కాలి కింద ముందుకు ఊగి నిలిచిపోయింది.

కాలవ నీళ్ళ చప్పుడు వినపడుతోంది. ఆమె కాలు తీయలేదు. మొహం మీది ముసుగు పైకెత్తి, కారు ముందు కదలకుండా నిలిచిన బాటను చాలాసేపు చూసింది.

"ఎట్లున్నది?" అన్నాడు ఇనాయత్.

"గట్టు మీదికి తీస్కపోండ్రి," అంది షమ్సున్నీసా. "ఇంకొకపారి ఆపుత."