ఒక్క అడుగు పక్కకు

మొన్న శుక్రవారం పొద్దున్నే సార్ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అబ్బాజాన్ పోయిండు" అని పెట్టేసింది. బాన్సువాడలో ఇంటర్ చదివినప్పుడు మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ ఆయన. సుద్దముక్కలు దాచుకోవడంతో ఆయన చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

పాఠం అర్థం కాలేదంటే కోప్పడేవారు కాదు. "నిలబడ్డ జాగ మార్చి చూడు బిడ్డా" అనేవారు. మాటవరసకు అంటున్నారనుకునేదాన్ని.

పీహెచ్‌డీలో నా పని, వేగంగా వచ్చే అయాన్లను సిలికాన్ స్ఫటికంలోకి పంపి, అవి శక్తి పోగొట్టుకుంటూ ఎంత లోతున ఆగుతాయో కొలవడం. నా అయాన్లు లెక్క వేసిన లోతు దాటి లోపలికి పోయేవి. ఎన్నిసార్లు చేసినా అంతే. తప్పు నా చేతిదే అన్నారు మా గైడ్. చదువు మానేద్దామని ఊరికొచ్చి, సార్ ముందు కూర్చుని ఏడ్చాను.

ఆయన ఓదార్చలేదు. బీర్కూర్ బస్సెక్కించి, రోడ్డు పక్కనున్న తన పొలానికి తీసుకుపోయారు. కిటికీ సీటు మాత్రం ఆయనే పట్టుకున్నారు. సార్ తాడు పట్టి వరి నాటించేవారు, కొలత ఇంచు తప్పనిచ్చేవారు కాదు. "నాటేసుడా సారూ, గీతలు గీసుడా?" అని కూలి అక్కలు నవ్వేవారట.

గట్టు మీద నిలబెట్టి, "ఏం కనపడ్తుంది?" అన్నారు.

"పచ్చగ గోడ లెక్క ఉంది సార్."

"ఒక్క అడుగు పక్కకు జరుగు."

జరిగాను. వరుసల మధ్య సందులు అవతలి గట్టు దాకా తెరుచుకున్నాయి.

"నీ అయాన్లకు గిదే కనపడ్డది. స్ఫటికాన్ని ఎదురుగ పెట్టినవా, జర వంచినవా?"

వంచాలని చదివి కూడా, ఎదురుగా పెడితేనే కొలత సరిగ్గా వస్తుందనుకున్నాను. పరమాణువుల వరుసల మధ్య తోవ దొరికి, దేన్నీ గట్టిగా గుద్దుకోకుండా పోయాయవి.

"మరి ఆగుడెట్ల సార్?"

"తోవ పొడుగునా ఎలక్ట్రాన్లు వాటి శక్తిని కొంచెం కొంచెం గుంజుకుంటయి. ఇగ ఫికర్ చెయ్యకు, పోయి రాసుకో."

అదే నా థీసిస్ అయింది. "గా స్ఫటికం ఒక్కసారి తెచ్చి చూపియ్యి" అని ఎప్పుడు మాట్లాడినా అడిగేవారు. వచ్చే సెలవుల్లో అనేదాన్ని. ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తోంది.

నిన్న సార్ ఇంటికి తీసుకుపోయాను, గోరంత ముక్క. సార్ కూతురు అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ వంచి చూసింది. "గీంట్ల ఏం కనపడ్తలేదక్కా" అంది.

ఇద్దరం బీర్కూర్ బస్సెక్కాం. కిటికీ సీటు ఆమెకిచ్చాను. ఈ ఏడు సార్ దగ్గరుండి నాటించిన వరి దాకా బస్సు వచ్చేసరికి, పచ్చటి గోడలో సందులన్నీ ఒక్కసారి చివరి దాకా తెరుచుకుని, మళ్లీ మూసుకున్నాయి.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, సూసినవా?"