నలభై ఒకటో నంబరు

మా పిన్ని చదివింది పదో తరగతి వరకే. కానీ యూనివర్సిటీ ఊసెత్తిందంటే ఎంతటి ప్రొఫెసరైనా పక్కకి జరిగి చోటివ్వాల్సిందే. అదంతా మా బాబాయి చలవ. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి, ఇంటికొచ్చాక ఆఫీసు మాటే ఎత్తేవాడు కాదు. పిన్ని మిషను ముందు కూర్చుని ఎవరివో ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంటే, ఎదురుగా స్టూలు లాక్కుని కాలేజీ కబుర్లు మొదలుపెట్టేవాడు. లైబ్రరీ మెట్ల మీద వాదనలు, క్యాంటీన్‌లో ఒకే కప్పు టీని ముగ్గురు పంచుకోవడాలు, లెక్కల మాస్టారి చిటపటలు. వింటూ వింటూ పిన్ని ఒకసారి ఒకాయన ప్యాంటుని మోకాళ్ల దాకా కత్తిరించేసింది.

పోయిన చలికాలంలో బాబాయి వెళ్లిపోయాడు. పిన్ని కుట్టు దుకాణం మూయలేదు. గట్టిగా ఏడవనూ లేదు. మిషను తొక్కుతూ మధ్యలో ఆగి ఖాళీ స్టూలు వైపు చూసేది, అంతే. ఆ చూపు చూడలేక నేను వారానికోసారైనా ఏదో ఒక వంకతో వెళ్లి ఆ స్టూలు మీద కూర్చునేదాన్ని.

అలాంటి రోజుల్లో బాబాయి పేరున, పక్కన నలభై ఒకటి అని ఆయన క్లాసు నంబరుతో, ఆహ్వానం వచ్చింది. పూర్వ విద్యార్థుల సమ్మేళనం, శని ఆదివారాలు. ప్రసంగాలు, చర్చలు, క్యాంపస్ అంతా తిప్పి చూపించడం.

"ఆయనకి బదులు నేను వెళ్తానే," అంది పిన్ని.

"నువ్వెళ్లి ఏం చేస్తావు పిన్నీ?"

"నేను పెళ్లి చేసుకునేసరికే మీ బాబాయికి నెత్తి మీద సగం జుట్టు లేదు. ఇరవై ఏళ్లప్పుడు ఎలా ఉండేవారో చూసినవాళ్లు ఒక్కరైనా వస్తారుగా. వాళ్ల నోట ఆయన గురించి ఒక్క ముక్క వింటే చాలు. ఇంకేమీ వద్దు."

ఆ ఒక్క ముక్క కోసమే ఇద్దరం కారులో బయల్దేరాం.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాళ్లు పిన్ని మెడలో 'అతిథి' అని రాసిన కార్డు వేశారు. ఆమె దాన్ని తిరగేసి పెట్టుకుంది. చేతిసంచిలో బాబాయి పాత ఫొటో, చుట్టూ ప్లాస్టిక్ కవరు. జుట్టు దట్టంగా, చెంపలు లోపలికి పోయి, ఆకలితో ఉన్నవాడిలా ఉంటాడు అందులో.

శనివారం పొద్దున్నే క్యాంపస్ చూపించారు. గైడు ముందు నడుస్తుంటే వెనక నెరిసిన తలలన్నీ పిల్లలైపోయాయి. ఇక్కడ జారిపడ్డానని ఒకరు, ఇదిగో ఈ కిటికీ అద్దం నేనే పగలగొట్టానని ఇంకొకరు. అద్దం పగలగొట్టినందుకు ఇంత గర్వపడేవాళ్లని నేనెక్కడా చూడలేదు. పిన్ని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పేరు చెప్పి, ఫొటో చూపించింది.

"గుర్తు రావట్లేదండీ."

"ఎక్కడో చూసినట్టే ఉంది... ఊహూ, కాదు."

చివరికి ఒకావిడ ఫొటోని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, "మా బ్యాచేనంటారా? మా క్లాసులో అందరూ నాకు తెలుసే," అంది. ఆమె మాట మెత్తగానే ఉంది కానీ నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం ఒక పెద్ద వ్యాపారి 'జీవితంలో ఎదగడం' మీద మాట్లాడాడు. ఎదగాల్సిన వయసు ఎప్పుడో దాటిపోయినవాళ్లంతా శ్రద్ధగా విన్నారు. పిన్ని మాత్రం, "కోటు భుజాల దగ్గర కుదర్లేదు పాపం," అని ఊరుకుంది. ఇంకోరోజైతే ఆ కోటు మీద గంటసేపు ప్రసంగించి ఉండేది.

సాయంత్రం కారులో కూర్చున్నాక అడిగింది. "ఆ మెట్లు, ఆ టీ కప్పు... అవన్నీ ఎవరివో కథలంటావా? ఆయన ఊరికే విని నాకు చెప్పారంటావా?"

"ఛ, ఏం మాటలు పిన్నీ."

అన్నానే గానీ, నాకూ అదే అనుమానం. బాబాయి మీద కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం వస్తే ఎవరితో పోట్లాడాలో తెలియదు.

"ఇంటికి పోదామా?" అన్నాను.

"రేపొక్కరోజు ఉందిగా," అంది.

ఆదివారం ఆ బ్యాచ్ వాళ్లందరినీ పాత క్లాసు గదిలోనే కూర్చోబెట్టారు. చర్చకి ముందు పాత రోజుల్లోలా హాజరు తీసుకోవాలని ఈసారే అనుకున్నారట. ఆ లెక్కల మాస్టారే వచ్చి నంబర్లు పిలుస్తారు. ఉన్నవాళ్లు పలుకుతారు. పోయినవాళ్ల నంబరు వచ్చినప్పుడు గదంతా ఊరుకుంటుంది. మాస్టారు ఒక్క క్షణం ఆగి తర్వాతి నంబరుకి వెళ్తారు. చక్రాల కుర్చీలో కూర్చున్నా ఆయన గొంతు మాత్రం ఖంగుమంటోంది. మేమిద్దరం గోడవారగా కూర్చున్నాం.

ముప్ఫై ఎనిమిది పలికింది. ముప్ఫై తొమ్మిది దగ్గర గది ఊరుకుంది. నలభై పలికింది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నలభై ఒకటి."

"ప్రెజెంట్ సార్!"

గదికి నాలుగు మూలల నుంచి నాలుగు గొంతులు. ఒక్కసారే. పలికిన నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నాలిక్కరుచుకున్నాడు. గదంతా గొల్లుమంది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "దొంగ వెధవల్లారా, అయితే మొత్తం నలుగురా?" అన్నారు.

పిన్ని నవ్వలేదు. లేచి నిలబడింది. "నలభై ఒకటి మా ఆయన నంబరండీ. ఆయన పోయారు," అంది.

నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి.

పలికినవాళ్లలో ఒకాయన తడబడుతూ వచ్చాడు. "క్షమించండమ్మా. నంబరు వినగానే నోరు దానంతటదే తెరుచుకుంది. వంతులేసుకుని మేమే ప్రాక్సీ చెప్పేవాళ్లం. ఆయన తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా బేకరీలో పనిచేసి ఫీజు కట్టుకునేవాడని క్లాసు లీడరు చెప్పాడు. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు కదా. మనిషి మొహం మాకు సరిగ్గా తెలియదు. క్లాసుకి వస్తే కదా!"

పిన్ని మళ్లీ కూర్చుంది. బేకరీ సంగతి ఆమెకు తెలుసట. సాయంత్రాలు సరదాకి చేశానని బాబాయి చెప్పాడట. ఆయనకి దక్కని మెట్లు, ఆయన తాగని టీ, ముప్ఫై ఏళ్లు ఈమెకి పంచిపెట్టాడన్నమాట. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

"అయితే ఎవరూ చూడలేదన్నమాట ఆయన్ని," అంది పిన్ని.

అప్పుడు నలుగురిలో చివరివాడు, ఆరోజే వచ్చిన, చెవిలో వినికిడి మిషను పెట్టుకున్న పొడుగాయన, ఫొటో అడిగి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఒక్కసారి వచ్చాడమ్మా," అన్నాడు. "వెనక బెంచీలో నా పక్కన కూర్చున్నాడు. బట్టల నిండా బ్రెడ్డు వాసన. కూర్చోవడం, నిద్రపోవడం, రెండూ ఒకేసారి జరిగిపోయాయి. పైగా నిద్రలో నా మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు. విడిపించుకుందామంటే లేస్తాడేమోనని జాలేసింది. గంట కొట్టేదాకా అలాగే ఉన్నాను. ఆరోజు నోట్సు ఒక్క అక్షరం రాయలేదు."

పిన్ని తలెత్తింది. "ఏ చెయ్యి?"

"కుడి చెయ్యండీ."

ఆయన తన చెయ్యి చాపి చూపించాడు. పిన్ని ఆ మణికట్టు వంకే చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు నిండాయి కానీ తుడుచుకోలేదు.

"నాదీ కుడి చెయ్యేనండీ," అంది. "ఇప్పుడు రాత్రంతా ఖాళీగానే ఉంటోంది."