గాజు పొయ్యి మీద కొబ్బరినీళ్లు

చంద్రవ్వను చేతగాని మనిషి అన్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తాండూరు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో ఆమె వంటమనిషి, నేను జీపు డ్రైవర్ని. ఎనభై నాలుగులో ఒక విదేశీ ఇంజనీరు వెళ్లిపోతూ తన కరెంటు పొయ్యి అక్కడే వదిలేశాడు. పైనంతా నల్లటి గాజు పలక. మంట కనిపించదు.

చంద్రవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా నెలలోనే దాని గుణం పట్టేసింది. బూడిదతో తోమేది కాదు. గిన్నె ఈడ్చకుండా ఎత్తి పెట్టేది. పాకం చుక్క పడితే చల్లారకముందే బ్లేడుతో మెల్లగా గీకేది.

"మా ఇంటాయన బండల గనిల చేసిండు, ఇబ్రహీం అన్నా. కాగిన బండ మీద సల్లనీళ్లు వోస్తె ఫట్టుమంటది. గిది గూడ గంతే" అనేది.

దసరా నాడు మేనేజరు పాండురంగం జీపుకు, టైపు మిషనుకు పూజ చేసి వంటింట్లోకి వచ్చాడు. ఆమె అప్పుడే అన్నం గంజు దించింది.

"జర ఆగుండ్రి సారూ! పొయ్యి మస్తు కాలుతుంది."

"నాకే చెప్తవా? ముహూర్తం దాటిపోతది!"

కుంకుమ చల్లాడు. కొబ్బరికాయ కొట్టి నీళ్లు గాజు మీదే వంచాడు. ఫట్! ఈ చివర నుంచి ఆ చివరకు నెర్రె.

ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? వంటమనిషి నిర్లక్ష్యమని హైదరాబాదులోని పెద్దసారుకు కాగితం పంపాడు. ఆమెను పనిలోంచి తీసేయాలట! పైగా "జల్ది తుడువు" అని హుకుం. రోజుకు నాలుగుసార్లు తుడిచే చంద్రవ్వ గుడ్డ ముట్టలేదు.

"పెద్దసారు వచ్చెదాక తుడువ."

చివరికి పాండురంగమే పీచుతో రుద్దాడు. మాడి అతుక్కున్నది అలా పోతుందా? చెయ్యి నొచ్చింది, అంతే.

నాలుగో రోజు పెద్దసారు వచ్చాడు. చంద్రవ్వ పొయ్యి చూపించింది.

"నెర్రె మొదలైన కాడ జూడుండ్రి సార్. కుంకుమ, కొబ్బరినీళ్లు. నేను కూరల కుంకుమ ఏస్తనా?"

నాకూ ఆగలేదు. "కొబ్బరికాయ నేనే తెచ్చిన సార్. కొట్టింది మేనేజరు సారు" అన్నాను.

పెద్దసారు వంగి చూసి, జేబులోంచి మేనేజరు పంపిన కాగితం తీసి చింపేశాడు. చంద్రవ్వ పని నిలిచింది. పాండురంగాన్ని మాత్రం ఒక్క మాట అనలేదు! పెద్దసారుతో పాటు అతడూ దర్జాగా జీపెక్కాడు.

వాళ్లను దింపి వచ్చేసరికి చంద్రవ్వ మరక మీద తడిగుడ్డ వేసి నానబెట్టి, బ్లేడు పట్టుకుని కూర్చుంది.

"పగిలిన పొయ్యికి ఇంకెందుకు చంద్రక్కా?"

"మరక ఉంటె రేపు మల్ల నా పేరే వెడ్తరన్నా" అంది, గీకుతూనే.