బాలింతకు పాల సొర

అమీర్‌పేటలో ఉంటూ సొరచేపల మీద పరిశోధన చేస్తానంటే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది. ఒక ఆటో అతనైతే, "హుస్సేన్‌సాగర్‌ల ఉన్నయా మేడం గవి?" అని అడిగాడు. ఉంటే నాకు ఇన్ని రైలు ప్రయాణాలు తప్పేవి. మాది కోస్తా. పెళ్ళయ్యాక అమీర్‌పేటలోని ఈ మధురానగర్‌కు వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. పంజాగుట్ట వైపు ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. సెలవులిస్తే చాలు, సముద్రం ఒడ్డున ఏదో ఒక చేపల రేవులో తేలతాను. మా ఆయన బతికున్న రోజుల్లో, నన్ను వెతకాలంటే ఐసు వాసన వచ్చే చోట వెతకమని చుట్టాలకు చెప్పేవారు.

ఏటా మొదటి క్లాసులో పిల్లలందరినీ సొరచేప బొమ్మ గీయమంటాను. అందరూ నోరే గీస్తారు. పళ్ళయితే ఒక్కొక్కటీ శ్రద్ధగా, పదునుపెట్టి మరీ గీస్తారు. ఆ జీవికి కడుపు ఒకటి ఉంటుందని, అందులో పిల్లలు పెరుగుతాయని ఒక్కరికీ తట్టదు. కోపం దాచుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు వాళ్ళకు రెండు చీవాట్లు తప్పవు. ఆ తర్వాతే పాఠం మొదలవుతుంది.

సొరల్లో చాలా జాతులు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. కొన్నిటికి మనలాగే బొడ్డుతాడు కూడా ఉంటుంది. పుట్టిన కొత్తలో పొట్ట మీద, ముందు రెక్కల మధ్య, చిన్న చీలిక కనిపిస్తుంది. కొన్ని వారాలకు అది పూడిపోతుంది. రేవులో చిన్న సొర కనిపిస్తే దాన్ని వెల్లకిలా తిప్పి బొటనవేలితో అక్కడ తడమడం నా పనిలో మొదటిది. వేలికి చీలిక తగిలిందంటే అది ఈమధ్యే పుట్టిందన్నమాట. సొర పెరిగి పెద్దదై పిల్లల్ని కనడానికి ఏళ్ళు పడుతుంది, కనేదీ ఏ నలుగురినో అయిదుగురినో. అందుకే పచ్చి బొడ్డు ఉన్నవి ప్రాణంతో దొరికితే తిరిగి నీళ్ళలో వదలండని పడవల వాళ్ళను బతిమాలుతూ వచ్చాను. సముద్రానికి నేను చేసిన మేలేదైనా ఉంటే అదే. కొందరు వదిలేవారు. కొందరు నా ముందు తలూపి, నేను వెళ్ళాక తట్టలో వేసుకునేవారు.

మొన్నటి వానాకాలంలో మా అబ్బాయికి కూతురు పుట్టింది. కోడలి వాళ్ళది తెలంగాణ పల్లె. మా వియ్యపురాలు పెళ్ళయిన కొత్తలో పొలం పనులు చేసిన మనిషి. ఇప్పుడు వాళ్ళాయన సర్కారు ఆఫీసులో పని చేస్తారు, కాపురం ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళు ఎల్లమ్మకు బోనం ఎత్తేవాళ్ళు. పెళ్ళప్పుడు రెండు వైపులా కొంచెం బిగుసుకున్నాం గానీ, పాప కడుపున పడ్డాక అదంతా సర్దుకుంది. పురిటికి కోడలు పుట్టింటికే వెళ్ళింది.

పాప నెలలు నిండకముందే పుట్టింది. తల్లికి పాలు సరిగా పడలేదు. బరువు పెరగాల్సిన బిడ్డ తగ్గుతూ వచ్చింది. ఇలాగే ఉంటే మళ్ళీ ఆసుపత్రిలో పెట్టాల్సి వస్తుందని డాక్టరు అన్నారు. డబ్బా పాలు పడితే పాప కక్కేసేది. చర్చిలో పాప కోసం ప్రార్థన చేయించాను. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా ఎర్రమంజిల్ వెళ్ళేదాన్ని. గుమ్మంలో ఉండగానే ఆ సన్నని ఏడుపు వినిపించేది.

అలాంటి ఒక సాయంత్రం వియ్యపురాలు నా పక్కన వచ్చి కూర్చుంది. "వదినె, మీ దిక్కు బాలింతలకు ఏదో చాప పెడ్తరంట గద, పాలు పడ్తయని. అల్లుడు చెప్పిండు. మీరు గా చాపల మీదనే గద చదివిర్రు, జర తెచ్చియ్యరాదుండ్రి."

పాల సొర గురించి అడుగుతోంది. మా వైపు బాలింతకు అది పెట్టడం మామూలే. ఉడకబెట్టి, ఇసుకలాంటి తోలు వలిచి, చిదిమి, అల్లం వెల్లుల్లి మిరియాలతో పొడిపొడిగా వేయిస్తారు. మా అబ్బాయి పుట్టినప్పుడు మా అమ్మ నాకూ పెట్టింది. అయితే తర్వాత రేవుల్లో తట్టలు ఏటికేడు తేలికవడం కళ్ళారా చూశాను. మా వంటింట్లోకి సొర రాక చాలా ఏళ్ళయింది.

నేను వద్దన్నాను. ఊరికే వద్దనలేదు, క్లాసు తీసుకున్నాను. "సొర తింటే పాలు రావు వదిన గారూ. పాప ఎంత చీకితే అంత వస్తాయి. మాటిమాటికీ రొమ్ముకు పట్టాలి, తల్లి కడుపునిండా తినాలి, నిద్రపోవాలి, దిగులు పడకూడదు" అన్నాను.

ఆవిడ అంతా విన్నది. విని, "నాకు సుత పాల్లేకుండె వదినె. గీ పిల్లను గంజి తాగిచ్చి బతికిచ్చుకున్న. గప్పుడు ఎవ్వలు ఏం పెట్టినా తింటుంటి" అంది. కోడలు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వెళ్ళొస్తానన్నా ఇటు తిరగలేదు.

కిందికి దిగుతుంటే మా అబ్బాయి వెనకే వచ్చాడు. "అమ్మా, నేను పుట్టినప్పుడు నువ్వు తిన్నావు కదా. ఇప్పుడు నువ్వు సైన్సు చెబితే వాళ్ళకెలా ఉంటుంది? అత్తగారు కాబట్టి తెచ్చిపెట్టలేదనుకోరూ?" అన్నాడు. వాడి మీద అరిచాను. అరిచానంటేనే వాడన్నది నాకు తగిలిందని అర్థం.

మర్నాడు బేగంపేట వైపు సముద్రపు చేపలమ్మే దుకాణానికి వెళ్ళాను. దారి పొడుగునా నాతో నేనే బేరమాడుకున్నాను. పాల సొర పెద్దగా పెరగని జాతి. బాగా ఎదిగిన మగదాన్ని చూసి తెస్తే అంత పాపం కాదు. వాళ్ళ మనసూ కుదుటపడుతుంది, పాపకూ మేలు. మగదో ఆడదో తిప్పి చూస్తే నాకు తెలుస్తుంది కదా అనుకున్నాను.

ఐసు పెట్టెలో మోచేతి పొడవు సొరలు కొన్ని ఉన్నాయి. "పాల సొరనే మేడం, గిప్పుడే వచ్చినయి" అన్నాడు దుకాణమతను. ఒకదాన్ని వెల్లకిలా తిప్పాను. నేను చెప్పకుండానే నా బొటనవేలు రెక్కల మధ్యకు పోయింది. చీలిక పచ్చిగా ఉంది. ఇంకొకటి చూశాను, అదీ అంతే. పెట్టెలో ఉన్నవన్నీ అంతే. పైగా అవి పాల సొరలే కావు. మూతి, రెక్కలు చూస్తేనే తెలుస్తోంది, బతికి ఉంటే మనిషి కంటే పొడవు పెరిగే జాతి పిల్లలు.

"పెద్దవి లేవా?" అన్నాను.

"చిన్నయే మంచిగుంటయి మేడం, మెత్తగ ఉంటయి. బాలింతకేనా? ఫికర్ చెయ్యకుండ్రి, మస్తు పాలొస్తయి."

నాకు ఏడుపొచ్చింది. చేపల దుకాణంలో నిలబడి ఏడ్చే మనిషిని కాదు నేను. వట్టి చేతులతో ఎర్రమంజిల్ మెట్లెక్కడం ఊహించుకున్నాను. గోడ వైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చింది. ఎలాగూ చచ్చిపోయింది కదా అనుకున్నాను. రేవుల్లో ఈ మాట నాతో ఎంతమంది అన్నారో, అన్న ప్రతివాళ్ళ మీదా నేనెలా విరుచుకుపడ్డానో నాకు తెలుసు. ఒకటి కట్టివ్వమన్నాను.

మా అమ్మ చేసినట్టే చేశాను. చేతికి మరుపు లేదు. కోడలు ఇష్టంగా తిని, "మంచిగుంది అత్తమ్మా" అంది. చాలా రోజుల తర్వాత నా మొహం చూసి నవ్వింది. పక్కనే వియ్యపురాలు కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ పాపను పదే పదే తల్లి రొమ్ముకు పట్టింది, వేడి గుడ్డతో కూతురి వీపుకు కాపడం పెట్టింది, ఇంట్లో ఒక్క పనీ ముట్టనివ్వలేదు. ఎట్లాగూ పాలొస్తాయని కోడలు నిశ్చింతగా నిద్రపోయింది. పాలు పడ్డాయి. పాప బరువు పెరిగింది. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు వియ్యపురాలూ నేనూ ఆసుపత్రి వరండాలో ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. నా జన్మలో అంత తేలికైన రోజు మరొకటి లేదు. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. ఆ క్వార్టర్స్‌లో అంతకుముందు సొర అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. తిన్నవాళ్ళూ లేరు, అడిగినవాళ్ళూ లేరు. ఇప్పుడు తెలిసింది. సొరల మీద పెద్ద చదువు చదివిన మేడం తన చేతులతో వండి కోడలికి పెట్టిందట, పాలు ధారగా వచ్చాయట. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నెల తిరక్కముందే బేగంపేటలో ఆ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే అతను పిలిచి మరీ చెప్పాడు. "పాల సొర మస్తు అడుగుతున్నరు మేడం, ఎర్రమంజిల్ దిక్కెల్లి వస్తున్నరు. అందరు మీ పేరే చెప్తున్నరు."

ఎన్నో ఏళ్ళు పడవల వాళ్ళకు వద్దు వద్దని చెప్పాను, కొందరే విన్నారు. ఇక్కడ నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు, అందరూ విన్నారు.

తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి నేను వచ్చేసరికి మా గుమ్మంలో వియ్యపురాలు, ఆవిడ పక్కన ఇంకొకావిడ నిలబడి ఉన్నారు. ఆ కొత్తావిడ కళ్ళు బాగా వాచి ఉన్నాయి.

"గీమె మా పక్క క్వార్టరామె వదినె. వీళ్ల బిడ్డకు కాన్పయింది, పాలు పడ్తలేవు. పసిదానికి పానం బాగ లేదు. మీరే మంచిది చూసి తెచ్చిస్తరని తోల్కొచ్చిన" అంది మా వియ్యపురాలు. ఆ గొంతులో నా గురించి గర్వం ఉంది.

ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పేశాను. "ఆ రోజు నేను తెచ్చింది పాల సొర కాదు వదిన గారూ. అప్పుడే పుట్టిన పసిపిల్ల, బొడ్డు కూడా ఆరలేదు. పాలు దాని వల్ల రాలేదు. మీరు రాత్రీ పగలూ పాపను రొమ్ముకు పట్టారు చూడండి, దాని వల్ల వచ్చాయి. మీ చేతుల వల్ల వచ్చాయి."

వియ్యపురాలు చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత మొట్టమొదటిసారి నన్ను నువ్వు అంది. "తెలిసి తెలిసి ఎందుకు తెచ్చినవ్ వదినె?"

"మీరు అడిగారు. పాప ఏడుస్తోంది. మీ అమ్మాయి నా వైపు చూడటం మానేసింది" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

పక్కింటావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ ఇంటి పిల్లకైతే తెచ్చిర్రు" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

"మీ అమ్మాయిని ఒకసారి చూస్తాను, పదండి" అని విప్పిన చెప్పులే మళ్ళీ వేసుకున్నాను. "నేను సుత వస్త. ఎట్ల పట్టాల్నో నేను చూపిస్త" అని వియ్యపురాలు లేచింది. ముగ్గురం ఒకే ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం. ఎర్రమంజిల్‌లో పక్కింటావిడ క్వార్టర్ ముందు దిగాం.

గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. ఆ అమ్మాయి బహుశా మా స్టూడెంట్ల వయసుదే. ఒళ్ళో బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది. నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. మంచం మీద సర్దుకుని కూర్చుని, నా రెండు చేతుల వైపూ చూసి, "చాప తెచ్చిర్రా మేడం?" అంది.