టైంపాస్‌కు కుట్టిన మిషన్

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆన్‌లైన్ వేలంలో పాత సామాను అమ్మేవాళ్లను అంతకన్నా నమ్మను. దెయ్యం కనీసం అబద్ధం రాసి ఫోటో పెట్టదు.

వాళ్ల భాష నాకు కంఠతా వచ్చు. ‘కొత్తదానిలా ఉంది’ అంటే నిన్ననే రంగు పూశారని. ‘చిన్న గీత పడింది’ అంటే పగిలిందని. ‘ఇల్లు మారుతున్నాం, అందుకే అమ్ముతున్నాం’ అంటే ఆ వస్తువు వాళ్లను ఏడిపించి వదిలిందని. గోడకు ఆనించి ఫోటో తీశారంటే దాని వెనక భాగం సంగతి మర్చిపోవాలి.

ఇన్ని తెలిసి కూడా కొన్నాను. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నాది జాకెట్లు కుట్టే చిన్న షాపు. బల్కంపేట ఎల్లమ్మ బోనాలకు పాతిక జాకెట్లు ఒప్పుకున్నాక నా మిషన్ మూలన పడింది. పండగకు ఇవ్వకపోతే ఆ ఆడవాళ్లు మళ్లీ నా గడప తొక్కరు. ఆ తొందరలో వేలంలో తొక్కుడు మిషన్ ఒకటి పాడుకున్నాను. వివరణ ఇలా ఉంది: ‘ఇంట్లో వాడినది. టైంపాస్‌కు ఎప్పుడో ఒకసారి కుట్టేవారు. కొత్తదానిలా ఉంది.’

మిషన్ వచ్చింది. ఒంటినిండా కొత్త నల్లరంగు, వేలు పెడితే అంటుకుంటోంది. కింద పాదం ఆనించే ఇనప పలకను మాత్రం రంగు దాచలేకపోయింది. దాని మీద పోతపోసిన పువ్వులు కుడివైపు పూర్తిగా అరిగిపోయి, ఆ చోటు నున్నగా ఉంది. ఇరవై ఏళ్లుగా తొక్కుతున్నదాన్ని, నాకు తెలియదా? అది టైంపాస్ అరుగుదల కాదు. పదిరోజుల్లో వాపసు ఇవ్వొచ్చని రూలు ఉంది. జాకెట్లు కుట్టేసి, పదో రోజున ఆ అమ్మినవాడి మొహాన కొట్టాలని నిర్ణయించుకున్నాను.

షాపు మూసేటప్పుడు సూది కింద ఒక గుడ్డముక్క పెట్టి, దాన్ని నొక్కిపట్టే మిషన్ పాదం దించుతాం. కారిన నూనె ఆ ముక్క పీల్చుకుంటుంది. మర్నాడు పొద్దున ఆ ముక్క తీస్తే దాని మీద వేలెడు పొడవున ఒక కుట్టు ఉంది. కుట్టు ఊడకుండా రెండు చివర్లా వెనక్కి తిప్పి మూడేసి పోట్లు. నేను రెండే వేస్తాను.

నేనే మర్చిపోయి ఉంటానని సరిపెట్టుకున్నాను. ఆ సాయంత్రం సూదిలో దారం తీసేశాను, కింద దారం చుట్టి ఉండే బాబిన్ కూడా తీసి డబ్బాలో పడేశాను. పొద్దున చూస్తే బాబిన్ డబ్బాలోనే ఉంది. ముక్క మీద కుట్టు ఉంది.

మా ఆయన సనత్‌నగర్‌లో ఫిట్టర్. విని ఒకటే నవ్వు. పని ఎక్కువై నేనే కుట్టి మర్చిపోతున్నానని తేల్చేశాడు. అయితే తాళం నువ్వే వేసుకో అన్నాను. మూడో సాయంత్రం ముక్క తనే పెట్టి, షట్టర్ తనే దించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పొద్దున ఇద్దరం కలిసి తెరిచాం. ముక్క ఎత్తి, దాని మీది కుట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఇరానీ చాయ్ తాగొస్తానని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

నాకు భయం కన్నా ముందు ఒళ్లు మండింది. ఈ సంగతి కూడా దాచి అమ్మాడు కదా అని. ఆరో రోజు జాకెట్లన్నీ అప్పజెప్పి, ముక్కలు సంచిలో వేసుకుని, పార్శిల్ మీదున్న అడ్రసు పట్టుకుని పంజాగుట్టలో వాడి ఫ్లాట్‌కు వెళ్లాను. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో ఆఫీసు కార్డు, నోట్లో మేడమ్ తప్ప మాట లేదు. మిషన్ వాళ్ల అమ్మదట, ఊసుపోక కుట్టేదట. ఆ అబద్ధం నా ముందు కూడా చెప్పాడు.

ముక్కలు టీపాయ్ మీద పరిచాను. ఒకటి తీసి చివర్లు తడిమి చూశాడు. మేడమ్ పోయి అక్క వచ్చింది.

“గివి మా అమ్మ కుట్లు. నీకెక్కడ దొరికినయక్కా?”

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. బల్కంపేటలో ఒంటిగది. తండ్రి లేడు. పొద్దుట్నుంచి దీపాలు పెట్టేదాకా ఆమె జాకెట్లు కుట్టి వీడిని చదివించింది. మిషన్‌ను ఉత్తగా పడుకోబెడితే రేపు పని రాదని, మూసేముందు రోజూ ముక్క మీద ఒక కుట్టు వేసేదట. పోయి ఏడాది కాలేదు. మరి టైంపాస్ అని ఎందుకు రాశావంటే, ఆ పేజీ ఆఫీసువాళ్లు చూస్తారని నేలచూపులు చూశాడు.

“మిషన్‌కు రంగేసినవ్, సరే. అమ్మకు సుత ఏసినవా?” అన్నాను.

ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కుట్టిన చేతులకు సిగ్గుపడేవాడు ఏడిస్తే ఎవరికి లాభం? మిషన్ వాపసు తీసుకుంటానన్నాడు. ఇవ్వనన్నాను. నీ ఇంట్లో మళ్లీ మూలన పడెయ్యడానికా అని కూడా అన్నాను. రాసింది దిద్దమంటే, అమ్ముడుపోయాక ఆ వివరణ మార్చడం కుదరదట.

కొన్నవాళ్లు అభిప్రాయం రాసే చోటు మాత్రం తెరిచే ఉంది. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని రాశాను: ‘పై వివరణ అబద్ధం. ఈ మిషన్ మీద ఒక తల్లి రోజంతా కుట్టి కొడుకును చదివించింది. మిషన్ గట్టిది.’

మర్నాడు పొద్దున ముక్క మీద ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి, నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు సాయంత్రం నేనే ఒక కుట్టు వేసి షాపు మూస్తున్నాను. రెండు చివర్లా రెండేసి పోట్లు. పొద్దున షట్టర్ ఎత్తగానే పోట్లు లెక్కపెట్టుకుంటాను. ఇంతవరకూ రెండే ఉన్నాయి. అప్పుడు ఆ మూడేసి పోట్లు ఎవరు వేశారో, ఎలా వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. నమ్మకం లేనిదాన్ని రోజూ ఎందుకు లెక్కపెడుతున్నానో అదీ తెలియదు.