నల్లబట్టల కచేరి

ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసే హనుమంతరాయుడికి ఒక అలవాటుండేది. మరిగే తొట్టిలో నూలును తిప్పుతున్నప్పుడు కూడా అతని ఎడమచేతి వేళ్లు, కర్రనే గిటారనుకొని, లేని తీగలను నొక్కుతుండేవి. చావునూ చీకటినీ పాడుకొనే గోథ్ సంగీతమనే పాశ్చాత్యరీతి ఒకటుంది. బెంగుళూరు క్యాసెట్లలో విన్ననాటినుండి అతనికదే లోకం. కరువులో పోయిన తండ్రి మీద ఆ రీతిలోనే ఒక పాట కట్టినాడు. దానిని నలుగురి ముందు ఒక్కసారి పాడవలెనని మూడేండ్లు తిరుగగా, రెండువేల మూడులో అనంతపురంలోని ఒక చిన్న క్లబ్బు ఒక రాత్రికి ఒప్పుకొన్నది.

అది మార్గశిరమాసం. ఒంటినిండా నల్లబట్టలు, మెడలో గొలుసులు, ముఖానికి తెల్లపొడి. వేదిక సరస్వతీస్థానం గదా అని బూట్లు కింద విడిచి వట్టికాళ్లతో ఎక్కినాడు. వేషం మారినంత సులభంగా సంస్కారం మారదు. సభ మొత్తం లేచి చేతులు జోడించింది. "స్వామీ, గట్టిగా పాడు!" అన్నదొక గొంతు. మొదటి చరణానికే అందరూ "స్వామియే శరణమయ్యప్పా" అని వంత పాడినారు. రాయుడు గిటారు ఆపి, "నేను మాల వేసుకోలేదన్నా. ఇది చావు పాట" అన్నాడు. ముందువరుసలోని పామిడి రైతు బయ్యన్న ముఖం మాడిపోయింది. "ఏమప్పా, దాన్ని వినేకి టికెట్టు కొని ఈడికి రావల్లనా? మా ఊర్లో దినామూ వినబడతానే ఉండాది" అని లేచినాడు. ఆయన వెనుకనే కుర్చీలన్నీ కదిలినాయి. "మా నాయన మీద కట్టినానన్నా, ఒక్కసారి వినిపోండి" అన్నాడు రాయుడు. అప్పటికే క్లబ్బువాళ్లు మైకు కట్టేసినారు.